పూత ముందా, అల్లిక ముందా? సాగే వాహక వస్త్రానికి ఏది మేలు?

సాగే ఎలక్ట్రానిక్స్ కోసం వాహక వస్త్రం, అంటే విద్యుత్తును మోసే గుడ్డ, తయారు చేయబోయేవారు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్న ఒకటుంది: మామూలు గుడ్డను తీసుకుని దానికి వాహక పూత వేయడం మేలా, లేక వాహక నూలుతోనే గుడ్డను అల్లుకోవడం మేలా? అడిగేవారిలో చాలామంది రెండింటికీ నిరోధం (విద్యుత్తుకు గుడ్డ కలిగించే అడ్డు) చదరపు ముక్కకు ఎన్ని ఓములో పక్కపక్కన రాసుకుని, తక్కువ అంకె ఉన్నదానివైపు మొగ్గుతారు. బల్ల మీద పరిచి ఉంచే గుడ్డకు ఆ అంకె సరిపోతుంది కానీ, మోకాలి మీదో మోచేతి మీదో తొడిగే గుడ్డకు సరిపోదు. కీలు వంచినప్పుడు అక్కడి చర్మమే 30 శాతం దాకా సాగుతుంది కనుక దాన్ని అంటిపెట్టుకుని ఉండే వస్త్రమూ అంత సాగాలి, సాగిన ప్రతిసారీ తిరిగి రావాలి, వచ్చాక నిరోధం మునుపటి చోటే ఉండాలి. కాబట్టి నా దృష్టిలో ముందు తేల్చుకోవలసింది, ఆ సాగుడును వాహక పదార్థం భరిస్తున్నదా, వస్త్ర నిర్మాణం భరిస్తున్నదా అన్నది.

నిజానికి వాహక నూలుగా వాడే వెండి నూలు కూడా చాలావరకు నైలాన్ పోగు మీద వేసిన వెండి పూతే. తేడా అంతా ఆ పూత ఎప్పుడు పడింది, అల్లికకు ముందా తర్వాతా అన్నదానిలో ఉంది.

గుడ్డ తయారయ్యాక పూత వేసే పద్ధతికి ఉన్న బలాలు తక్కువేమీ కావు. అల్లిక యంత్రం అక్కర్లేదు, ఎంత వెడల్పు గుడ్డకైనా వేయవచ్చు, నచ్చిన బట్టను ఎంచుకోవచ్చు. పిరోల్ ద్రావణంలో గుడ్డను నానబెట్టి ఫెర్రిక్ క్లోరైడ్ వంటి ఆక్సీకారిణిని చేర్చితే, పాలిపిరోల్ అనే వాహక పాలిమర్ (విద్యుత్తును మోసే ప్లాస్టిక్ వంటి పదార్థం) ప్రతి పోగు మీదా పలుచని నల్లటి పొరగా అక్కడికక్కడే ఏర్పడుతుంది; పోగుల మధ్య ఖాళీలు మూసుకుపోవు కనుక గుడ్డ మెత్తదనమూ, గాలి ఆడే గుణమూ చెడవు. పెడాట్ అనే వాహక పాలిమర్‌ను పీఎస్ఎస్ అనే మరో పాలిమర్‌తో కలిపి నీటిలో చేసిన పెడాట్-పీఎస్ఎస్ సిరాలో ముంచి ఆరబెట్టడం ఇంకా సులువు. ఏమీ కలపని ఆ సిరా పొర వాహకత సెంటీమీటరుకు ఒక సీమెన్స్ (వాహకతను కొలిచే ప్రమాణం) కూడా ఉండదు గానీ, డైమిథైల్ సల్ఫాక్సైడ్, ఇథిలీన్ గ్లైకాల్ వంటి ద్రావకాన్ని కొద్దిగా చేర్చితే అది వందల రెట్లు పెరుగుతుంది.

చిక్కు సాగదీసినప్పుడు మొదలవుతుంది. సిరాలో ముంచి ఆరబెట్టిన అల్లిక గుడ్డను సూక్ష్మదర్శిని కింద పెట్టి మెల్లగా లాగి చూడండి. ఒక లూపు మరో లూపులోంచి దూరే చోట, రెండు పోగులు ఒకదానినొకటి ఒత్తుకుని ఉన్న భాగానికి సిరా సరిగా అంది ఉండదు. లాగగానే పోగులు జరిగి, అంతవరకు దాగి ఉన్న తెల్లటి మచ్చలు బయటపడతాయి. రెండు పోగులను కలిపి అతికించి ఉంచిన సిరా పొర సరిగ్గా ఆ అంచు దగ్గరే చిట్లుతుంది. చేయి తీస్తే గుడ్డ మునుపటి కొలతకు వస్తుంది, నిరోధం మాత్రం రాదు. గుడ్డను ముందే సాగదీసి పట్టుకుని పూత వేసి, ఆరాక వదిలితే పొర ముడతలు పడి, తర్వాత లాగినప్పుడు ఆ ముడతలే విప్పుకుంటాయి. ఇది మంచి ఉపాయమే కానీ, ముందు సాగదీసిన హద్దు దాటితే మళ్ళీ పగుళ్ళే.

నూలు మీద పూత పడ్డాక అల్లిన గుడ్డలో పరిస్థితి వేరు. అల్లిక గుడ్డ సాగడమంటే నూలు సాగడం కాదు, లూపులు తమ వంపును విప్పుకుని ఒకదాని మీద ఒకటి జారడం. లూపులు పూర్తిగా బిగుసుకునే దాకా నూలు మీద లాగుడు దాదాపు పడదు కనుక, దాని మీది వెండి పొరకు పగిలే అవసరమే రాదు. లూపులు ఒరుసుకునే చోట కూడా పోగు చుట్టూ వెండి ఉంటుంది. నేను పూతకన్నా నూలువైపు మొగ్గడానికి మూలకారణం ఇదే.

అయితే అల్లికలో నిరోధం అసలు మారదనుకోవడం పొరపాటు. అందులో విద్యుత్తుకు రెండు దారులున్నాయి: నూలు వెంట పోవడం, లూపుల స్పర్శల మీదుగా దూకడం. సాదా అల్లికలో ఒకే నూలు అడ్డవరుస వెంట సాగుతుంది కనుక అడ్డంగా కొలిస్తే రెండు దారులూ పనిచేస్తాయి. నిలువుగా కొలిస్తే ఒక వరుస నుంచి మరో వరుసకు స్పర్శే దిక్కు. స్పర్శ నిరోధం ఒత్తిడిని బట్టి మారుతుంది. మల్టీమీటర్ క్లిప్పులు తగిలించి, మధ్యలో గుడ్డను వేలితో నొక్కితే అంకె కిందికి జారడం కనిపిస్తుంది. ఊపిరిని కొలిచే పట్టీకి ఈ మార్పే కావాలి. సంకేతాన్ని మోసే తీగకు ఇదే శత్రువు, కాబట్టి తీగగా వాడదలచినప్పుడు వాహక నూలును స్పాండెక్స్ అనే సాగే పోగు చుట్టూ చుట్టి వాడడమో, లేదా వంకర టింకర కుట్టుగా వేయడమో మంచిది. పూత వేసిన గుడ్డలో ఇంత ఎంపికకు చోటు లేదు.

ఉతుకులో రెండింటికీ నష్టమే, కారణాలు వేరు. వాహక పాలిమర్లకు ప్రాణం డోపింగేనని (విద్యుత్తు ప్రవహించేలా వాటికి వేరే పదార్థాన్ని కొద్దిగా చేర్చడమేనని) 1977లో పాలిఎసిటిలీన్‌కు అయోడిన్ చేర్చిన ప్రయోగాలు చూపించాయి. క్షార గుణమున్న డిటర్జెంటు పాలిపిరోల్‌లోని ఆ డోపింగ్‌నే పోగొడుతుంది. పెడాట్ ఇంతకన్నా నిలకడైనదే, కానీ పీఎస్ఎస్ తేమకు ఉబ్బుతుంది, గుడ్డకు అంటించి ఉంచే బంధకం కలపకపోతే పొర కడుగుకుపోతుంది. వెండి రాపిడికి అరుగుతుంది, గంధకం తగిలితే నల్లబడుతుంది, బ్లీచింగ్‌కు అసలు తట్టుకోదు. ఉతుకే ముఖ్యమైతే స్టెయిన్‌లెస్ స్టీలు నూలు ఉంది. అది ఎంతకైనా తట్టుకుంటుంది గానీ రాగికన్నా దాదాపు 40 రెట్లు ఎక్కువ నిరోధం ఇస్తుంది, పైనున్న ఆక్సైడ్ పొర వల్ల స్పర్శ నిరోధం నిలకడగా ఉండదు, తెగిన పోగులు చర్మానికి గుచ్చుకుంటాయి.

మిగతా వాహక పదార్థాల గురించి క్లుప్తంగా: గాలియం, ఇండియం కలిసిన ద్రవలోహం సుమారు 15.5 డిగ్రీల సెల్సియస్‌కే కరిగి ఎంత సాగినా తెగదు, కానీ దాన్ని కారకుండా గొట్టంలో బంధించాలి. 2011లో డ్రెక్సెల్ విశ్వవిద్యాలయంలో వెలుగు చూసిన ఎమ్‌ఎక్సీన్‌లు (లోహ కార్బైడ్ల వంటి వాటి అతి పలుచని పొరలు) వాహకతలో మేటి, కానీ తడి గాలిలో ఆక్సీకరణం చెందుతాయి. గ్రాఫీన్ (ఒక్క పరమాణువు మందం కార్బన్ పొర) పూత సెన్సర్‌కు చాలు, తీగకు చాలదు.

గుడ్డ అంతటా వేడి పుట్టించాలన్నా, పెద్ద వైశాల్యంలో ఒత్తిడిని పసిగట్టాలన్నా, చర్మానికి ఆనే మెత్తని ఎలక్ట్రోడు కావాలన్నా పూతనే ఎంచుకోవచ్చు, ఎందుకంటే అక్కడ సాగుడు తక్కువ, వైశాల్యం ఎక్కువ. సాగే చోట తీగ కావాలంటే వెండి నూలు అల్లికే నా ఎంపిక. దాన్ని సర్క్యూట్ బోర్డుకు కలిపేటప్పుడు మాత్రం జాగ్రత్త అవసరం: నైలాన్ 6 సుమారు 220 డిగ్రీల దగ్గర కరుగుతుంది, సీసం లేని మామూలు సోల్డరూ దాదాపు ఆ వేడికే కరుగుతుంది. 138 డిగ్రీలకు కరిగే తగరం, బిస్మత్ మిశ్రమాన్ని గానీ, నొక్కి బిగించే లోహపు గుండీని గానీ వాడి, ఆ అతుకు చుట్టూ ఒకటి రెండు సెంటీమీటర్ల మేర సాగని గుడ్డ ముక్కను కుడితే లాగుడు అతుకు దాకా రాదు.