కాణిపాకం పోయి రావచ్చా? ఎలక్ట్రిక్ బైకుల మీద తిరుపతి చుట్టూ

షోరూంలో బోర్డు మీద 187 కిలోమీటర్లని రాసుంటే, తిరుపతి నుంచి కాణిపాకం వెళ్లి దర్శనం చేసుకుని చార్జింగ్ పెట్టకుండా ఇంటికి రావచ్చా? పోనూ రానూ కలిపి దాదాపు 140 కిలోమీటర్లే కదా. ఎలక్ట్రిక్ బైకు కొనాలనుకునే మన ఊరివాళ్లలో చాలామందిది ఇదే ప్రశ్న. ఆ సంగతి తేల్చుకోవడానికే నేనూ మా బావా తెలిసినవాళ్ల బండ్లు రెండు అడిగి తీసుకుని తిరుమల, కాణిపాకం, తలకోన తిరిగొచ్చాం. ఒకదాని బ్యాటరీ మూడు యూనిట్ల పైచిలుకు, ఊడదీసి ఇంట్లోకి తీసుకెళ్లొచ్చు. రెండోదానిది నాలుగు యూనిట్ల పైచిలుకు, బండికే బిగించి ఉంటుంది. కంపెనీలు కిలోవాట్ అవర్ అని రాసేది మన కరెంటు బిల్లులో యూనిట్టే.

ముందు ఆ బోర్డు మీది అంకె సంగతి. చాలా బండ్లకు అది ఐడీసీ రేంజ్, అంటే ఇండియన్ డ్రైవింగ్ సైకిల్ ప్రకారం పరీక్ష పెట్టి తేల్చింది. ఆ పరీక్షలో గరిష్ఠ వేగం గంటకు 42 కిలోమీటర్లు, సగటు 22 లోపే. వెనక మనిషి ఉండడు, ఘాట్ ఉండదు. మనమేమో చంద్రగిరి దాటగానే హైవే ఖాళీగా కనిపిస్తే 70, 80 మీద పోతాం. గాలి అడ్డు వేగంతో పాటు మామూలుగా పెరగదు. 50 మీద పోయేటప్పుడు ఎంత ఉంటుందో 80కి దానికి రెండున్నర రెట్లవుతుంది. అందుకే కిలోమీటర్ల అంకె పక్కనపెట్టి బ్యాటరీ ఎన్ని యూనిట్లో అడగండి. ఇద్దరు కూర్చుని హైవే మీద ఓ మోస్తరు వేగంతో పోతే యూనిట్‌కి 25 కిలోమీటర్లు, ఒక్కరే నెమ్మదిగా పోతే 30. ఈ లెక్క మాకు తిరిగిన ప్రతిచోటా దాదాపు సరిపోయింది.

ఇప్పుడు ఈ లెక్కతో బండ్లను చూడండి. రివోల్ట్ ఆర్‌వీ400లో 3.24 యూనిట్ల బ్యాటరీ. కంపెనీయే ఎకో మోడ్‌లో 150, నార్మల్‌లో 100, స్పోర్ట్‌లో 80 అని విడివిడిగా చెప్పింది. అలా మోడ్‌కో అంకె చెప్పడం నాకు నచ్చింది, కొనేవాడికి పనికొచ్చేది అదే. ఓబెన్ రోర్‌కు 4.4 యూనిట్లు, ఐడీసీ 187, మన లెక్కలో 110 నుంచి 130. ఓలా రోడ్‌స్టర్ ఎక్స్ 2.5, 3.5, 4.5 యూనిట్లలో వచ్చింది. పెద్దదానికి 252 అని ప్రకటించినా యూనిట్లు చూస్తే రోర్‌కీ దానికీ పెద్ద తేడా లేదు. మాటర్ ఏరాకు 5 యూనిట్లు, పైగా నాలుగు గేర్లు, లిక్విడ్ కూలింగ్. హైదరాబాద్ కంపెనీ ప్యూర్ ఈవీ వాళ్ల ఎకోడ్రిఫ్ట్‌ది 3 యూనిట్లు. వీటన్నిటికీ దూరంగా అల్ట్రావయొలెట్ ఎఫ్77 మాక్ 2 ఉంది. చిన్నది 7.1 యూనిట్లకు 211, పెద్దది 10.3 యూనిట్లకు 323. అది రెండొందల కిలోల బరువున్న బండి, ధర కూడా ఆ స్థాయిలోనే ఉంటుంది.

తిరుమలకు మూడు యూనిట్ల బండి మీద వెళ్లాం, ఇద్దరం. అలిపిరి నుంచి పైకి 18 కిలోమీటర్లు, ఎత్తు దాదాపు 700 మీటర్లు. బండీ మనుషులూ కలిపి 250 కిలోలనుకుంటే, ఆ బరువును అంత ఎత్తుకు చేర్చడానికే అర యూనిట్ పోతుంది. మోటారులో వృథా, రోడ్డు, గాలి కలుపుకుంటే ఒక యూనిట్ దాటుతుంది. మీటరూ అదే చెప్పింది. పైకి చేరేసరికి బ్యాటరీలో మూడో వంతు అయిపోయింది. మామూలు రోడ్డు మీద అదే కరెంటుతో 25 కిలోమీటర్లు పోయేవాళ్లం. ఘాట్ రోడ్డులో మనకు కలిసొచ్చేది టైము నిబంధన. పైకి 28 నిమిషాల కంటే ముందు, కిందికి 40 నిమిషాల కంటే ముందు చేరకూడదు కాబట్టి ఎవరూ స్పోర్ట్ మోడ్ జోలికి పోనక్కర్లేదు.

దిగేటప్పుడు సంతోషం వేసింది. యాక్సిలరేటర్ వదిలేస్తే మోటారే బండిని పట్టి ఆపుతూ కాస్త కరెంటు వెనక్కి నింపుతుంది. అన్ని మలుపులూ తిరిగి కిందికొచ్చేసరికి పర్సెంటేజీ తగ్గకపోగా కొంచెం పెరిగింది. 2022 సెప్టెంబర్ నుంచి ఈ ఘాట్‌లో తిరుగుతున్న ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులదీ ఇదే పద్ధతి. ఒక్క జాగ్రత్త: బ్యాటరీ నిండుగా ఉంటే వెనక్కి నింపుకోవడానికి చోటుండదు. అప్పుడు ఆ పట్టు తగ్గి బరువంతా బ్రేకుల మీదే పడుతుంది. కాబట్టి కొండమీద ప్లగ్గు దొరికిందని వంద చేసుకుని దిగకండి. కొండమీద చార్జింగ్ కోసం వెతకాల్సిన పనే లేదు, మూడు యూనిట్లు హాయిగా సరిపోతాయి. టూ వీలర్లను వదిలే వేళలు మారుతుంటాయి, చిరుతలు తిరిగే కాలంలో సాయంత్రమే ఆపేస్తారు. వెళ్లే రోజే అలిపిరిలో కనుక్కోండి.

కాణిపాకానికి నాలుగు యూనిట్ల బండి తీసుకెళ్లాం. వెళ్లేటప్పుడు ఎక్కడా తొందరపడకుండా 55 దాటనివ్వలేదు. గుడి దగ్గర ఆపేసరికి నలభై శాతం పైనే ఉంది. కానీ తిరుగు ప్రయాణానికి అది చాలదు. అంటే నేను మొదట్లో అడిగిన ప్రశ్నకు జవాబు, ఈ బండికైతే కుదరదనే. ఒక్కరే వెళ్తే లెక్క ప్రకారం 130 దాకా లాగొచ్చు, అయినా ఇంటికి పది కిలోమీటర్ల ముందు ఆగిపోయే టెన్షన్ ఎవరికి కావాలి? ఏడు యూనిట్ల బండికైతే ఈ గొడవ లేదు.

హైవే పక్కన హోటళ్ల ముందు చార్జింగ్ బోర్డులు ఉన్నాయి కదా అంటారేమో. ఆ ఫాస్ట్ చార్జర్లు చాలావరకు కార్లవి, ఆ గన్ మన బైకుల సాకెట్‌లో పట్టదు. యాప్‌లో చూపించిన ఒకచోటికి వెళ్లి ఉత్త చేతులతో తిరిగొచ్చాం. బైకుకు నమ్మకమైన చార్జింగ్ స్టేషన్ ఇప్పటికీ 15 ఆంపియర్ల మూడు పిన్నుల ప్లగ్గే.

అది ఎక్కడ దొరుకుతుందన్నదే బస విషయంలో తేల్చుకోవాలి. రాత్రికి చిత్తూరులో ఉండిపోదామనుకున్నాం, కాణిపాకం నుంచి పన్నెండు కిలోమీటర్ల లోపే. మొదటి లాడ్జిలో రూము శుభ్రంగా ఉంది, రేటూ బాగుంది. బండి సంగతి ఎత్తగానే కౌంటర్‌లో అబ్బాయి "కరెంటు ఇస్తే ఓనరు ఒప్పుకోడన్నా" అన్నాడు. వంద రూపాయలు ఎక్కువిస్తామన్నా వినలేదు. రెండోది పాత లాడ్జి, మెట్లు ఇరుకు, పరుపు పలచన. కానీ వాచ్‌మన్ మమ్మల్ని పార్కింగ్ మూలకు తీసుకెళ్లి నీళ్ల మోటారు ప్లగ్గు చూపించాడు. "పదికి ట్యాంకు నిండిపోతాది సామీ, ఆ తరవాత తెల్లారిందాకా మీదే" అన్నాడు. నేనైతే మళ్లీ ఆ లాడ్జికే వెళ్తాను.

ఆ ప్లగ్గు దగ్గర చూసిన ఒక విషయం చెప్పాలి. వైరు అందలేదని మా బావ రూములోంచి మామూలు ఎక్స్‌టెన్షన్ బాక్స్ తెచ్చాడు. పావుగంట తర్వాత చెయ్యి పెట్టి చూస్తే బాక్స్ వెచ్చగా ఉంది, పిన్ను దగ్గర ప్లాస్టిక్ కాస్త మెత్తబడింది. వెంటనే పీకేసి, బండినే గోడకు ఆనించినంత దగ్గరకు తోశాం. గంటల తరబడి అంత కరెంటు లాగే చార్జర్‌కు టీవీ పెట్టుకునే బాక్స్ పనికిరాదు. లావు వైరుతో 15 ఆంపియర్ల ఎక్స్‌టెన్షన్ ఒకటి ఎలక్ట్రికల్ షాపులో చేయించుకుని బ్యాగులో వేసుకోండి. ఊడదీసే బ్యాటరీ ఉన్నవాళ్లకు పార్కింగ్‌తో పనిలేదు, రూములో గీజర్ ప్లగ్గో ఏసీ ప్లగ్గో చాలు. బ్యాటరీ బరువుగా ఉంటుంది కాబట్టి లిఫ్టు ఉందో లేదో మాత్రం ముందే అడగండి.

తలకోన దారి ఇంకో రకం. దూరం అరవై లోపే, కానీ భాకరాపేట ఘాట్ ఎక్కాలి, ఆపైన అడవి. సిగ్నల్ అంతంతమాత్రం కాబట్టి అక్కడ యాప్‌లను నమ్ముకోలేం. మేము తిరుగు దారిలో భాకరాపేటలో ఒక టిఫిన్ హోటల్ దగ్గర ఆగి భోజనం చేసి, గ్రైండర్ ప్లగ్గు అడిగాం. "పిండి రుబ్బేది అయిపోనీ, పెట్టుకుందువులే నాయనా" అందా పెద్దమ్మ. గంటన్నరలో ఇల్లు చేరడానికి కావలసినదానికంటే ఎక్కువే నిండింది. డబ్బులిస్తే సంగటికి మాత్రమే తీసుకుంది. జలపాతం చూసి వచ్చేద్దామనుకునేవాళ్లకు నాలుగు యూనిట్లూ, ఇలాంటి ఒక ఆగుడూ చాలు. అటవీశాఖ గదుల్లో రాత్రి ఉండాలనుకుంటే 15 ఆంపియర్ల ప్లగ్గు ఉందో లేదో బుకింగ్ అప్పుడే అడగండి. మూడు యూనిట్ల బండి మీద ఇద్దరైతే అటువైపు వెళ్లొద్దనే చెబుతాను. హార్స్‌లీ హిల్స్ అయితే సముద్రమట్టానికి 1,265 మీటర్లు, తిరుపతి నుంచి 140 కిలోమీటర్ల దాకా ఉంటుంది. నాలుగు యూనిట్ల బండికి మదనపల్లెలో రాత్రి మజిలీ తప్పదు.

నేను నాలుగు యూనిట్ల పైన ఉన్న బండే కొంటున్నాను. సొంతిల్లు, వరండాలో ప్లగ్గుంది, నెలకోసారైనా కాణిపాకం పోతాం. అందులోనూ ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం బ్యాటరీ ఉన్నదాన్ని చూస్తున్నాను. మే నెలలో తిరుపతి ఎండ తెలిసిందే, ఆ రకం వేడిని బాగా తట్టుకుంటుంది. మా బావది అపార్ట్‌మెంట్, పార్కింగ్‌లో ప్లగ్గుకు అసోసియేషన్ ఒప్పుకోలేదు. రోజూ తిరిగేది తిరుచానూరు దాకా. ఊడదీసే మూడు యూనిట్ల బ్యాటరీ అతనికి సరిగ్గా సరిపోతుంది. పెద్ద రేంజ్ కోసం ఎక్కువ డబ్బు పెట్టొద్దు బావా అని గట్టిగానే చెప్పాను.

కొనేముందు షోరూంకి ఇద్దరు వెళ్లండి. వీధి చివరిదాకా కాదు, కనీసం పది కిలోమీటర్లు తిప్పనివ్వమని అడగండి. ఇద్దరూ ఎక్కి, బయలుదేరేటప్పటి శాతం, వచ్చాక శాతం ఫొటో తీసుకోండి. సర్వీస్ సెంటర్ మన ఊళ్లోనే ఉందా, కంట్రోలర్ (మోటారుకు కరెంటు ఎంత వెళ్లాలో చూసే పెట్టె) పోతే ఎన్నాళ్లలో తెప్పిస్తారు అన్నది అప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి.