తుంబా అన్నారు, జీడిపప్పు కొట్లు చూపించారు

గవర్నర్‌పేటలో ఒక ట్రావెల్స్ వాడి దగ్గర తలకి 14,500 కట్టి కేరళ ప్యాకేజీ తీసుకున్నాం. మున్నార్, అలెప్పీ బాగానే ఉన్నాయి, అవి అందరూ రాసేవే. మా బావమరిది గుంటూరులో ఫిజిక్స్ లెక్చరరు. చివరి రోజు కాగితంలో తిరువనంతపురం పక్కనున్న 'తుంబా రాకెట్ కేంద్రం' అని ఉండబట్టే వాడు బయల్దేరాడు.

తీరా ఆ రోజు డ్రైవరు ముందు జీడిపప్పు కొట్టు దగ్గర ఆపాడు. తర్వాత మసాలా దినుసులు, ఆ తర్వాత చీరలు. ప్రతిచోటా 'పది నిమిషాలే సార్'. కమీషన్ సంగతి చిన్నపిల్లలకి కూడా తెలుసు. తుంబా చేరేసరికి మ్యూజియం మూసేశారు. ట్రావెల్స్ వాడికి ఫోన్ చేసి నిలదీస్తే, 'గేటు దాకా తీసుకెళ్లారు కదండీ' అంటాడు! మావాడు ఆ రాత్రి సరిగా అన్నం కూడా తినలేదు.

మర్నాడు మా డబ్బులతోనే ఆటో మాట్లాడుకున్నాం. రానూపోనూ, వెయిటింగుతో కలిపి 750. ఆ మొత్తం టూరులో గిట్టుబాటైన ఖర్చు ఇదొక్కటే. ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి.

మ్యూజియం ఉన్నది సెయింట్ మేరీ మాగ్డలీన్ చర్చిలో. బిషప్, ఊరివాళ్లు ఒప్పుకుని చర్చిని రాకెట్ కేంద్రానికి ఇచ్చేస్తే అందులోనే రాకెట్లు బిగించారు. 1963 నవంబరు 21న మొదటి రాకెట్ నైకీ అపాచీ ఇక్కడి నుంచే లేచింది. ఏరికోరి ఈ జాలరిపల్లె ఎందుకంటే, అయస్కాంత భూమధ్యరేఖ దీని దగ్గరగా పోతుంది. ఆ రేఖ మీద భూమి అయస్కాంత క్షేత్రం నేలకి సమాంతరంగా ఉంటుంది. దానివల్ల పగటిపూట సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున బలమైన కరెంటు పారుతుంది. బెలూన్లు అంత ఎత్తుకి పోలేవు, ఉపగ్రహాలు అంత కిందికి దిగి తిరగలేవు. రాకెట్ వేసి కొలవాల్సిందే.

బయటికొచ్చాక మావాడు బీచ్ ఇసుకలో ఫోను వెల్లకిలా పెట్టి అయస్కాంతం కొలిచే యాప్ తెరిచాడు. విజయవాడలో మా డాబా మీద నిలువు అంకె, అంటే క్షేత్రం పైకీ కిందికీ ఎంత ఉందో చూపించేది, పది మైక్రోటెస్లాలు (అయస్కాంత బలాన్ని కొలిచే యూనిట్) దాటేది. ఇక్కడ సున్నాకి అటూ ఇటూ తచ్చాడుతోంది. ఆటో పక్కన పెట్టి చూస్తే మాత్రం ఆ ఇనుముకి అంకెలు గంతులేశాయి.

"మార్స్ మీద పెడితే ఎంత చూపిస్తుంది మామయ్యా?" అన్నాడు మా పిల్లాడు. "దానికి మనలాగా గ్రహమంతటికీ కలిపి ఒక క్షేత్రం లేదురా. దక్షిణం వైపు పాత రాళ్లలో మిగిలిపోయిన అయస్కాంతమే ఎక్కువ. అక్కడ దిక్సూచి ఒక్కోచోట ఒక్కో ఉత్తరం చూపిస్తుంది" అన్నాడు వాడు. ముందురోజు కోపం అంతా పోయి హుషారుగా బృహస్పతి దాకా వెళ్లబోతుంటే మా ఆవిడ, "ఒరేయ్, గుడి మూసేస్తార్రా" అని లేపింది.

పద్మనాభస్వామి దర్శనానికి ప్యాంటు, చొక్కాతో పోనివ్వరు. బయట పంచె 180 చెప్పి 140కి ఇచ్చారు. ఇంటి నుంచే తీసుకెళ్లండి.