ఇంటి ఈతకొలనుకు వేరియబుల్ స్పీడ్ పంపు: వాడి చూసిన తర్వాత

శంకర్‌పల్లి దగ్గర మా ఇంటి ఈతకొలనులో పాత పంపు మోటారు కాలిపోవడంతో, దాని స్థానంలో ఒకటిన్నర హెచ్‌పీ వేరియబుల్ స్పీడ్ పంపు, అంటే వేగాన్ని పెంచుకోగల, తగ్గించుకోగల పంపు, పెట్టించాము. వేసవి అంతా నడిపి చూశాక, ధర ఎక్కువైనా ఇదే సరైన ఎంపిక అని నమ్మకంగా చెప్పగలను.

పంపు మార్చేటప్పుడు చాలామంది డీలర్లు ఇంకాస్త పెద్ద హెచ్‌పీ తీసుకోమంటారు. నిజానికి ముందు చూడవలసింది ఫిల్టరును. పది మీటర్ల పొడవు, ఐదు మీటర్ల వెడల్పు, సగటున 1.4 మీటర్ల లోతు ఉన్న మా కొలనులో 70 వేల లీటర్ల నీరు పడుతుంది. అదంతా ఏడు గంటల్లో ఒకసారి ఫిల్టరు గుండా తిరగడానికి గంటకు 10 వేల లీటర్లు చాలు. 600 మిల్లీమీటర్ల వ్యాసం గల ఇసుక ఫిల్టరు గంటకు సుమారు 14 వేల లీటర్లకు మించి తట్టుకోలేదు. అంతకంటే బలంగా తోస్తే సన్నని మురికి ఇసుకలో ఆగకుండా మళ్లీ కొలనులోకే వస్తుంది.

ఈ పంపు పూర్తి వేగంలో గంటకు సుమారు 20 వేల లీటర్లు తోస్తుంది కనుక మేము సగం వేగంలోనే నడుపుతున్నాము. ఓవర్‌హెడ్ ట్యాంకుకు నీళ్లు ఎక్కించినట్లు ఇక్కడ ఎత్తు భారం ఉండదు, పైపుల్లోనూ ఫిల్టరులోనూ కలిగే రాపిడిని దాటితే చాలు. అందువల్ల వేగం సగానికి తగ్గితే నీటి ప్రవాహం సగమవుతుంది, విద్యుత్తు మాత్రం లెక్క ప్రకారం ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెట్టింపు సేపు నడిపినా ఖర్చయ్యే కరెంటు నాలుగో వంతే. మోటారులోనూ కంట్రోలరులోనూ కొంత నష్టం ఉంటుంది కనుక ఆచరణలో అంత ఆదా రాదు, అయినా తేడా బిల్లులో స్పష్టంగా కనిపిస్తుంది. రాత్రిపూట పడకగదిలోకి పంపు శబ్దం రాకపోవడం మా అమ్మగారికి అన్నిటికంటే నచ్చిన విషయం.

బ్యాక్‌వాష్, అంటే నీటిని ఎదురు దిశలో పంపి ఫిల్టరులోని ఇసుకను కడగడం, చేసేటప్పుడు వేగాన్ని 70 శాతం దాకా పెంచాలి, లేకపోతే ఇసుక సరిగా కడగబడదు. ఎలక్ట్రానిక్ బోర్డు వోల్టేజి హెచ్చుతగ్గులకు సున్నితమైనది. పల్లె ఫీడరు మీద ఉన్నవారు సర్జ్ ప్రొటెక్టరు తప్పనిసరిగా పెట్టించుకోవాలి. బోర్డు పాడైతే విడిభాగం మీ ఊళ్లోనే దొరుకుతుందా అని డబ్బు కట్టే ముందే అడగండి. పంపుకు రెండు వైపులా యూనియన్లు (విప్పి మళ్లీ బిగించగల పైపు జాయింట్లు) పెట్టమని ప్లంబరుకు చెప్పండి. మెకానికల్ సీలు (పంపు షాఫ్టు దగ్గర నీరు కారకుండా ఆపే భాగం) మార్చవలసి వచ్చినప్పుడు పైపు కోయకుండానే పంపును విప్పి తీయవచ్చు.