ఆర్ట్ హిస్టరీ చదివే పిల్లలకు ఖాన్ అకాడమీ, మేం వాడి చూశాం
మా చెల్లి నల్లగొండలో ఇంట్లోనే ఉండి అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ ఆర్ట్ హిస్టరీకి, అంటే స్కూల్లో ఉండగానే రాసే అమెరికా కాలేజీ స్థాయి కళా చరిత్ర పరీక్షకి, చదువుతోంది. 250 కళాఖండాలు, 3 గంటల పరీక్ష, 80 బిట్లు, 6 వ్యాసాలు అనేసరికి ఇంటిల్లిపాదికీ టెన్షన్ పట్టుకుంది. ముందు ఒకచోట జిరాక్స్ నోట్స్ కొన్నాం, డబ్బులు దండగ, ఇటలీలోని రవెన్నాలో శాన్ విటాలే చర్చి గోడ మీద చిన్న చిన్న ముక్కలు అతికి చేసిన మొజాయిక్‌లో ఉన్న బంగారమంతా అందులో నల్లటి మరక.

తర్వాత ఖాన్ అకాడమీ అనే ఆన్‌లైన్ పాఠాల సైట్‌లో, కళా చరిత్ర వీడియోలు చేసే స్మార్ట్‌హిస్టరీ వాళ్ల వీడియోలు పెట్టాం, పైసా ఖర్చు లేదు. అదే మొజాయిక్‌లో జస్టీనియన్ చక్రవర్తి పక్కనున్న బిషప్ తల మీద మాత్రమే మాక్సిమియానస్ అని పేరు రాసి ఉంటుంది, చక్రవర్తికి లేని పేరు ఆయనకెందుకని చెల్లి అన్నం తింటూ కూడా అడుగుతూనే ఉంది. సాంచి స్తూపం పాఠం అయ్యాక సూర్యాపేట జిల్లాలోని బౌద్ధ క్షేత్రం ఫణిగిరికి తీసుకెళ్లమని పట్టుబట్టింది. కొండెక్కి అక్కడి స్తూపం చుట్టూ నడిచాకే ప్రదక్షిణ పథం అంటే ఏంటో నాకూ బాగా అర్థమైంది, అంత దగ్గర్లో ఉండి ఇన్నేళ్లు వెళ్లలేదు!

సబ్‌టైటిల్స్ పెట్టుకుని చూడండి. వ్యాసాలు మాత్రం టైం పెట్టుకుని రోజుకొకటి రాయించండి.