సుల్లా, సీజర్, అగస్టస్: రోమ్‌కు ఎవరి దారి మేలు?

రోమన్ గణతంత్రం చివరి శతాబ్దంలో సుల్లా, జూలియస్ సీజర్, అగస్టస్ ముగ్గురూ సైనిక బలంతోనే అధికారాన్ని చేజిక్కించుకున్నారు. వీరిలో ఎవరి దారి మేలన్నది తేల్చడానికి వ్యక్తుల గుణగణాల కంటే ఒక పాత చిక్కుముడిని కొలమానంగా తీసుకోవడం సరైనదని నా అభిప్రాయం. క్రీ.పూ. 107లో మారియస్ అనే సేనాని ఆస్తిలేని పేదలను కూడా సైన్యంలోకి తీసుకున్నాడు. కొలువు ముగిశాక వారి బతుకుతెరువుకు భూమి ఇచ్చే బాధ్యతను రోమ్ పెద్దల సభ అయిన సెనేట్ తన నెత్తిన వేసుకోలేదు కాబట్టి సైనికుడు ప్రభుత్వం వైపు కాక తన సేనాని వైపే చూడడం మొదలుపెట్టాడు.

సుల్లా ఈ చిక్కును మరింత బిగించాడు. క్రీ.పూ. 88లో సొంత నగరం మీదికే సైన్యాన్ని నడిపించి, 82లో అంతర్యుద్ధం గెలిచాక, ఆరు నెలలకు మించకూడని నియంత పదవిని గడువు లేకుండా చేపట్టాడు. శత్రువుల పేర్ల జాబితాలను ప్రకటించాడు. అందులో పేరున్నవారిని ఎవరైనా చంపి బహుమానం పొందవచ్చు. వారి ఆస్తి వేలానికి పోతుంది, కొడుకులూ మనుమలూ పదవులకు అనర్హులవుతారు. తన సైనికులకు ఇటలీ పట్టణాల భూములను లాక్కుని పంచాడు. సామాన్య ప్రజల తరఫున నిలిచే ట్రిబ్యూన్ల అధికారాలు కత్తిరించి, సెనేట్‌ను బలపరచి, స్వచ్ఛందంగా పదవి వదులుకున్న మాట నిజమే. అయితే ఒకప్పుడు అతని పక్షాన పోరాడిన పాంపే, క్రాసస్‌లే క్రీ.పూ. 70లో కాన్సుల్స్‌గా (ఏటా ఎన్నికయ్యే ఇద్దరు అత్యున్నత అధికారులుగా) ట్రిబ్యూన్ల అధికారాలను తిరిగి ఇచ్చేశారు. అతని చట్టాల కంటే అతను చూపిన దారే ఎక్కువ కాలం నిలిచింది.

సీజర్ ఓడినవారిని క్షమించాడు. తన సైనికులకూ నగర పేదలకూ స్థిరనివాసాలు ఏర్పాటు చేయడంలో ఇటలీకి వెలుపలి ప్రాంతాలను విరివిగా వాడుకున్నాడు. కార్తేజ్, కొరింత్ అలా మళ్లీ వెలిశాయి. మానవత్వం దృష్ట్యా ముగ్గురిలో అతనిదే మెరుగైన నడవడి. కానీ క్రీ.పూ. 44లో జీవితకాల నియంత అయ్యి, ఎన్నికల ద్వారా పదవులు ఆశించే కులీనులకు ఏ ఆశా మిగల్చలేదు. ఆ మార్చి 15న అతన్ని పొడిచినవారిలో అతని క్షమాభిక్ష పొందిన బ్రూటస్, కాసియస్ ఉన్నారు.

సీజర్ దత్తపుత్రుడైన అగస్టస్ చేతులు సుల్లా చేతుల కంటే శుభ్రమైనవేమీ కావు. క్రీ.పూ. 43లో సీజర్ పక్షపు సేనానులు ఆంటోనీ, లెపిడస్‌లతో కలిసి అతను ఆమోదించిన అలాంటి జాబితాలోనే సిసెరో పేరుంది. ఆ వక్త తలను, చేతులను ఫోరమ్‌లోని ప్రసంగ వేదిక మీద ప్రదర్శించారు. దీన్ని పక్కన పెట్టి అతన్ని మెచ్చుకోవడం న్యాయం కాదు. అయినా, అధికారం స్థిరపడ్డాక పాత చిక్కుముడిని విప్పినవాడు అతనొక్కడే. క్రీ.పూ. 22లో ప్రజలు నియంత పదవి ఇవ్వజూపితే తిరస్కరించాడు. ట్రిబ్యూన్ అధికారాన్ని, సైన్యాలున్న రాష్ట్రాల మీద ఆధిపత్యాన్ని మాత్రం తన దగ్గరే ఉంచుకున్నాడు. క్రీ.శ. 6లో సైనిక ఖజానాను నెలకొల్పి, సొంత సొమ్ము 17 కోట్ల సెస్టెర్స్‌లు (రోమన్ నాణేలు) అందులో వేసి, వారసత్వ ఆస్తుల మీద 5 శాతం, వేలం అమ్మకాల మీద 1 శాతం పన్ను విధించాడు. ఏడాదికి 900 సెస్టెర్స్‌ల జీతం తీసుకునే సాధారణ సైనికుడికి కొలువు ముగిశాక 12,000 సెస్టెర్స్‌లు దక్కేలా నిర్ణయించాడు. పొలం కోసం పొరుగువాడి పొలం లాక్కోవలసిన అగత్యం, దాని కోసం సేనాని వెంట రోమ్ మీదికి నడవవలసిన అగత్యం అలా తగ్గాయి.

అందుకే ఇటలీ రైతుకూ రాష్ట్రాల ప్రజలకూ అగస్టస్ దారే మేలు చేసిందని అంటాను. ఓటు హక్కున్న రోమన్ పౌరుడికి మాత్రం అదే మాట చెప్పలేను. అగస్టస్ మరణించిన క్రీ.శ. 14లోనే, టైబీరియస్ కాలంలో, అధికారుల ఎన్నిక ప్రజాసభల నుంచి సెనేట్‌కు మారింది.