లారీ కమాన్ కట్టతో చేయించిన కత్తి: ఆరేళ్ల వాడకం తర్వాత

ముందే చెప్పేస్తున్నాను, పని అవగానే కత్తి తుడిచే ఓపిక లేకపోతే కార్బన్ స్టీల్ (తుప్పు పట్టే ఉక్కు) జోలికి పోకండి. స్టెయిన్‌లెస్ కొనుక్కుని హాయిగా ఉండండి.

మా ఇల్లు విజయవాడ సింగ్‌నగర్‌లో. బ్యారేజీ దాటితే ఉండవల్లి దగ్గర కొంచెం అరటి తోట ఉంది. గెలలు కొట్టడానికి పెద్ద కత్తి వేరే ఉంది. పిలకలు తీయడానికి, ఎండాకులు కోయడానికి, డ్రిప్ పైపులు కత్తిరించడానికి ఒక చిన్న కత్తి కావాలి. మడత కత్తులు రెండు వాడి చూశాను. అరటి జిగురూ మట్టీ కలిసి మడత దగ్గర చేరితే ఇక తెరుచుకోవు. అందుకే మడత లేని కత్తి అనుకున్నాను.

మొదట ఆన్‌లైన్‌లో ఒకటి తెప్పించాను. అట్టపెట్టె మీద ‘హై కార్బన్’ అని పెద్ద అక్షరాలు. రెండో వారానికే అంచు ఒంగిపోయింది. ఆటోనగర్‌లో కమాన్ కట్టల (లారీ కింద బరువు మోసే స్ప్రింగు పట్టీల) పని చేసే ఒక పెద్దాయనకు చూపిస్తే, కొత్త ఆకురాయి తీసి అంచు మీద ఒక్క లాగు లాగాడు. కరకరా కొరికేసింది. “సరిగా కాల్చలేదు బాబూ. గట్టిపడిన ఉక్కయితే ఆకురాయి పట్టకుండా జారిపోవాలి” అన్నాడు. పెట్టె మీద రాసింది చదవడం మానేసి ఆకురాయి పట్టుకెళ్లడం అప్పటి నుంచే నేర్చుకున్నాను.

2019లో ఆయనే నాకు ఈ కత్తి చేసిచ్చాడు. లారీ కమాన్ కట్టలో కార్బన్ సుమారు 0.6 శాతం ఉంటుంది. మొదట తీసిన ముక్కను నూనెలో ముంచగానే సన్నటి పగులు బయటపడింది. ఏళ్లతరబడి బరువు మోసిన కట్టలో ఇలాంటివి దాగి ఉంటాయట, మారు మాట్లాడకుండా అవతల పారేశాడు. రెండో ముక్కను సాగగొట్టి, అయస్కాంతం అంటుకోనంత ఎర్రగా కాల్చి నూనెలో ముంచాడు. తర్వాత తక్కువ వేడి మీద ఎండుగడ్డి రంగు వచ్చేదాకా మళ్లీ కాచాడు. ఈ రెండో కాపు లేకపోతే కత్తి గాజులా పెళుసుగా ఉంటుంది.

నాలుగున్నర అంగుళాల అలుగు, 3 మిల్లీమీటర్ల మందం. ఉక్కు పిడి చివరిదాకా ఉంది, దానికి రెండు వైపులా తుమ్మ చెక్క, ఇత్తడి రివెట్లు. కొండపల్లి బొమ్మలు చేసే మెత్తటి పొణికి కర్ర వేయమని సరదాకి అడిగితే, “బొమ్మ కత్తి చేసివ్వనా?” అని నవ్వాడు. మా ఫ్రెండు దగ్గర 1095 అనే రకం ఉక్కు కత్తి ఉంది. అందులో కార్బన్ సుమారు 0.95 శాతం ఉంటుంది, పదును నా దానికంటే ఎక్కువ రోజులు నిలుస్తుంది. కానీ రాయికి తగిలితే అంచు పెచ్చు లేస్తుంది. నాది సొట్ట పడుతుంది, పది నిమిషాల్లో సరిచేసుకోవచ్చు. తోట పనికి నా ఓటు సొట్టకే.

వారం తిరక్కుండానే అరటి జిగురు తగిలి కత్తంతా నీలి నలుపయింది. టెన్షన్ పడి పీచుతో తోముతుంటే అమ్మ, “ఒరేయ్, మన కత్తిపీట ఏనాడైనా తెల్లగా ఉండగా చూశావా?” అంది. నిజమే. ఆ నలుపు ఉక్కుకు కొంత కాపుదల కూడా. భయపడాల్సింది ఎర్రటి తుప్పుకి. నిమ్మకాయో మామిడికాయో కోసి అలాగే వదిలేస్తే కాసేపట్లోనే మరక పట్టేస్తుంది.

అసలు దెబ్బ 2024 సెప్టెంబరు 1న తగిలింది. బుడమేరు నీళ్లు మా వీధిలోకి వచ్చాయి. కట్టుబట్టలతో బయటపడ్డాం, కత్తి తోలు ఒరలోనే ఉండిపోయింది. నీళ్లు తీశాక చూస్తే పక్కనే ఉన్న ఉలి మీద పైపైన తుప్పు, కత్తి మీద మాత్రం గుంటలు. తోలు నీళ్లు పీల్చుకుని ఉక్కును వదలకుండా తడిగా పట్టుకుంది. చింతపండు గుజ్జుతో రుద్ది కడిగి, కిరసనాయిలు వేసి 400 నంబరు గరుకు కాగితంతో గంటసేపు తోమాను. ఎరుపు పోయింది, నల్లటి గుంటలు అలాగే ఉన్నాయి. అప్పటి నుంచి ఒర తోటకు వెళ్లేటప్పుడే. ఇంట్లో నూనె గుడ్డలో చుట్టి పెడుతున్నాను.

నూనె సంగతికొస్తే, వేరుశనగ నూనె వద్దు, కొన్నాళ్లకి బంకలా గట్టిపడుతుంది. రోజువారీ పనికి రెండు చుక్కల కొబ్బరి నూనె చాలు. నెలల తరబడి పక్కన పెట్టాలంటే ఆముదం.

సైకిల్ చక్రం మీద సానపట్టేవాళ్లకు మాత్రం ఇవ్వకండి. ఒకసారి ఇచ్చి చెయ్యి కాల్చుకున్నాను. నిప్పురవ్వలు బాగానే ఎగిరాయి, అంచు నీలం రంగుకి తిరిగింది. అంటే అక్కడ ఉక్కు మెత్తబడిపోయినట్టే. ఆ నీలం మేర అరగదీయడానికి నాకు రెండు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు ఇంట్లోనే, నీళ్లు చల్లుతూ 1000 నంబరు రాయి మీద ఒక్కో వైపు సుమారు 20 డిగ్రీల వాలులో రుద్దుతాను. అంచుకి అవతలి వైపు గోటికి గరుకు తగిలితే ఇటువైపు పని అయినట్టు. చివర్లో పాత తోలు బెల్టు మీద వెనక్కి లాగితే ఆ గరుకు పోతుంది.

పిడి రివెట్లలో ఒకటి ఈ మధ్య కొద్దిగా కదులుతోంది. వానలు పడేలోపు ఆటోనగర్ వెళ్లి కొట్టించుకురావాలి.