సాలూరు ఘాటీ మీద అడాస్: 1,35,000 రూపాయలు దేనికి?

"హైవే ఎక్కాక మీరు ఊరికే కూర్చోండి సార్, బండే చూసుకుంటుంది" అని షోరూమ్ కుర్రాడు చెప్పే మాట పట్టుకుని టాప్ వేరియంట్‌కి డబ్బు కట్టకండి. ఆ మాట అబద్ధం, పైగా ప్రమాదం. మేం చూసిన ఎలక్ట్రిక్ కారుకి మాకిచ్చిన కొటేషన్‌లో మధ్య వేరియంట్‌కీ, అడాస్ (కెమెరా, రాడార్లతో డ్రైవర్‌కి సాయపడే ఏర్పాటు) ఉన్న వేరియంట్‌కీ ఎక్స్-షోరూమ్ తేడా 1,35,000. బ్యాటరీ రెండింట్లోనూ ఒకటే, మోటారూ ఒకటే. షోరూమ్ ముందున్న నున్నటి రోడ్డు మీద పది నిమిషాలు తిప్పితే అన్నీ పనిచేస్తాయి. బరంపురం, రాయగడ, కొరాపుట్ వైపు ఉండేవాళ్లకి అసలు పరీక్ష మన రోడ్ల మీదే. అందుకే అదే మోడల్ టాప్ వేరియంట్ ఉన్న బావగారి బండి అడిగి తీసుకుని బరంపురం, సాలూరు, కొరాపుట్, రాయగడ, పర్లాకిమిడి చుట్టివచ్చాం.

ముందు ఒక్క సంగతి. అమ్మేవాళ్లు 'లెవెల్ 2' అని గొప్పగా చెబుతారు. ఎస్ఏఈ (వాహన ఇంజనీర్ల సంఘం) లెక్కలో 0 నుంచి 5 దాకా ఉన్న మెట్లలో అది 2వ నంబరుది. స్టీరింగునీ వేగాన్నీ బండి సర్దుతుంది, రోడ్డు చూసే బాధ్యత మాత్రం పూర్తిగా డ్రైవర్దే. అద్దం వెనక గాజుకి అంటించిన ఒక కెమెరా, ముందు బంపర్లో ఒక రాడార్, వెనక బంపర్ మూలల్లో రెండు చిన్న రాడార్లు: బండికి ఉన్న కళ్లు ఇవే. ఏది ఎక్కడ తప్పుతుందో తెలియాలంటే ఏ కన్ను ఎక్కడుందో గుర్తుంటే చాలు.

ఇచ్ఛాపురం నుంచి నాతవలస దాకా 16వ నంబరు హైవే మీద చెప్పుకోవడానికేమీ లేదు, అడాప్టివ్ క్రూజ్ (ముందు బండికి తగ్గట్టు మన వేగం సర్దేది) హాయిగా నడిచింది. దారిలో ఫాస్ట్ ఛార్జింగ్ యూనిట్‌కి 21 రూపాయల చొప్పున 34 యూనిట్లకి 714 అయింది. ఒక్క చికాకు: 80లో రెండు సెకన్ల దూరం పెడితే ముందు బండికీ మనకీ మధ్య 44 మీటర్ల ఖాళీ ఉంటుంది. ఆ ఖాళీలోకి ఆటో దూరుతుంది, మన బండి బ్రేకు వేస్తుంది, వెనక లారీవాడు హారన్ మోగిస్తాడు. దూరం తగ్గించి ఈ చికాకు పోగొట్టుకోవాలని చూడకండి. ఊరు దగ్గర పడగానే క్రూజ్ తీసెయ్యడమే పద్ధతి.

నాతవలస దగ్గర 26వ నంబరు రోడ్డు ఎక్కి విజయనగరం, రామభద్రపురం, సాలూరు దాటాక కథ మారుతుంది. సాలూరు నుంచి కొరాపుట్‌కి సుమారు 700 మీటర్ల ఎత్తు ఎక్కాలి. మనుషులతో కలిపి రెండు టన్నుల బండికి ఒక్క ఎత్తు కోసమే దాదాపు 4 యూనిట్లు పోతాయి. అది పెద్ద లెక్క కాదు, దిగేటప్పుడు సగానికి పైగా తిరిగొస్తుంది. పేచీ అంతా క్రూజ్‌తోనే. ముందు లారీ వెనక 25లో బుద్ధిగా వెళుతున్న బండి, మలుపులో లారీ పక్కకి తిరగగానే రాడార్ చూపులోంచి అది తప్పిపోయి, రోడ్డు ఖాళీ అనుకుని, మనం పెట్టిన 50 అందుకోవడానికి ఎగబడుతుంది. ఎలక్ట్రిక్ బండి కాబట్టి ఆ ఎగబాటు పెట్రోల్ బండి కన్నా చురుకు. వెనక సీట్లో పిన్నికి రెండో మలుపుకే కడుపులో తిప్పింది.

సుంకి దాటాక ఒక మలుపులో చెడిపోయిన లారీ నిలబడి ఉంది. వెనక పది అడుగుల దూరం నుంచీ రాళ్లు పేర్చి, పచ్చి కొమ్మలు పరిచారు. ఘాటీ రోడ్లలో డ్రైవర్లందరికీ తెలిసిన గుర్తు అది, కొమ్మ కనిపిస్తే కాలు బ్రేకు మీదకి పోతుంది. బండికి కొమ్మ తెలియదు. రోడ్డు తిన్నగా అయ్యి లారీ ఎదురుగా పడ్డాకే తెర ఎర్రబడి బీప్ అంది. అప్పటికే మనిషి బ్రేకు వేసి ఉన్నాడు. ఆగి ఉన్న వస్తువుల విషయంలో రాడార్‌కి ఈ బలహీనత మామూలే: రెయిలింగ్, బోర్డు, కల్వర్టు గోడ కూడా ఆగి ఉన్నట్టే కనిపిస్తాయి కాబట్టి, ప్రతిదానికీ బ్రేకు పడకుండా సాఫ్ట్‌వేర్ వాటిలో చాలావాటిని పక్కన పెడుతుంది. మేకలు, ఆవుల సంగతి మరీ కష్టం. జంతువుల్ని గుర్తించకపోవచ్చని మాన్యువల్లోనే రాసి ఉంటుంది, అమ్మేవాడు ఆ పేజీ చూపించడు. సిమిలిగుడ, కుందులి వైపు సంత రోజున వెళ్లేవాళ్లు అన్నీ ఆపేసి చేత్తో నడుపుకోవడమే మేలు.

కొరాపుట్‌లో దిగిన లాడ్జి గురించి రాయకపోతే ఈ రాతకి అర్థం లేదు. గది 1,850. ఫోన్‌లో "కారు ఛార్జింగ్ ఉంది" అన్నారు. తీరా వెళ్లాక జనరేటర్ గది పక్కన 15 ఆంపియర్ సాకెట్ ఒకటి చూపించి, రాత్రికి 600 అదనం అన్నారు. ఆ సాకెట్ నుంచి పది గంటల్లో వచ్చేది ఎంత లాగినా 30 యూనిట్లు. యూనిట్‌కి 8 రూపాయలు వేసుకున్నా 240. సరే, చీకటి పడింది, పెద్దవాళ్లు అలిసిపోయారు, ఇచ్చాం. ఛార్జర్ పెట్టగానే ఎర్ర దీపం. సాకెట్‌లో మూడో రంధ్రం ఉంది, దాని వెనక ఎర్తు తీగ లేదు. బండితో వచ్చే పోర్టబుల్ ఛార్జర్ ఎర్తు లేకపోతే కరెంటు తీసుకోదు, తీసుకోకూడదు కూడా. మేనేజర్ గారు న్యూట్రల్‌ని ఎర్తుకి కలిపి "ఇప్పుడు చూడండి" అనబోయారు. దయచేసి ఎక్కడా దీనికి ఒప్పుకోకండి. న్యూట్రల్ తెగిన రోజున బండి బాడీకి 230 వోల్టులు వస్తాయి. ఆ 600 తిరిగివ్వమంటే "రాసేశాం" అన్నారు. పిన్ని రాత్రి అన్నం ముట్టలేదు, మామగారు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఎర్తు ఉందో లేదో దీపాలతో చూపించే మూడు పిన్నుల సాకెట్ టెస్టర్ చాలా తక్కువ ధరకే దొరుకుతుంది. గది అద్దె కట్టే ముందే అది సాకెట్‌లో పెట్టి చూడండి.

మర్నాడు పొద్దున ఫాస్ట్ ఛార్జర్ దగ్గర పని కానిచ్చాం. కొరాపుట్‌ నుంచి మళ్లీ సాలూరు దిగేవాళ్లు మాత్రం 100 దాకా నింపకండి. 85 దగ్గర ఆపండి. బ్యాటరీ నిండుగా ఉంటే రీజెన్ (వేగం తగ్గేటప్పుడు మోటారే కరెంటు తిరిగి బ్యాటరీకి పంపడం) పట్టదు, ఘాటీ అంతా ఉత్త బ్రేకుల మీద దిగాల్సి వస్తుంది.

చలికాలం పొద్దున లక్ష్మీపూర్ వైపు మంచు ఎంత దట్టమో ఆ దారిన వెళ్లేవాళ్లకి తెలుసు. బయల్దేరిన కాసేపటికే 'కెమెరాకి దారి కనిపించడం లేదు' అని తెర మీద పడి లేన్ అసిస్ట్ (బండిని గీతల మధ్యే ఉంచేలా స్టీరింగ్ లాగేది), క్రూజ్ రెండూ పడుకున్నాయి. సాయం అవసరమైన గంటలోనే సాయం లేదు. ఎండ వచ్చాక లేచిన లేన్ అసిస్ట్ ఇంకో తలనొప్పి. గుంత తప్పించడానికి కుడికి తిప్పితే అది ఎడమకి లాగుతుంది. ఇండికేటర్ వేస్తే వదులుతుంది, కానీ గుంత గుంతకీ ఇండికేటర్ ఎవరు వేస్తారు? ఆపేస్తే పోయేదే, కాకపోతే ఈ బండిలో ఆపిన లేన్ అసిస్ట్ స్టార్ట్ చేసిన ప్రతిసారీ మళ్లీ తనంతట తనే ఆన్ అవుతుంది. టెస్ట్ డ్రైవ్‌లో తప్పక చూడాల్సింది ఇదే: బండి ఆపి, తలుపు మూసి, రెండు నిమిషాలాగి మళ్లీ స్టార్ట్ చెయ్యండి. మీరు ఆపిన సెట్టింగ్ ఆగే ఉందా, లేకపోతే ఎన్ని నొక్కుళ్లకి ఆగుతుంది?

రాయగడలో మనసు కుదుటపడింది. వేడి బరాలు, ఘుగుని ప్లేటు 40 రూపాయలు. మామగారు రెండో ప్లేటు అడిగారు. మజ్జిగౌరమ్మ దర్శనం చేసుకుని, రెండు వ్యాన్ల మధ్య నుంచి బండి వెనక్కి తీస్తుంటే వెనక మూల రాడార్ అరిచింది. రెండు సెకన్లకి ఎడమ నుంచి బైకు దూసుకుపోయింది, వెనక పాలక్యాన్లు. వ్యాను అడ్డంగా ఉండగా ఏ అద్దంలోనూ అది కనిపించే వీల్లేదు. బజారు ఊళ్లలో బతికే మనకి డబ్బు పెట్టదగిన వస్తువు ఇదీ: వెనక అడ్డంగా వచ్చేవాటి హెచ్చరిక, అద్దాల్లో కనిపించని పక్క బండిని చూపించే బ్లైండ్ స్పాట్ దీపం, చుట్టూ చూపించే 360 కెమెరా. ముందు గుద్దుకోకుండా తనంతట తను పడే బ్రేకు కూడా ఉంటే మంచిదే, మనిషినీ బైకునీ కూడా గుర్తించేదైతే ఇంకా మంచిది. లేన్ మధ్యలో నడిపించేదానికి, హైబీమ్ తనంతట తను తగ్గించేదానికి ఇటువైపు రోడ్ల మీద రూపాయి కూడా పెట్టక్కర్లేదు. ఎదురుగా సైకిలుంటే ఆ హైబీమ్ తగ్గనే తగ్గదు.

చాలామంది లెక్కలో వేసుకోని ఖర్చు ఒకటుంది. బావగారి బండికి ఇంతకుముందు టిప్పర్ నుంచి రాయి ఎగిరొచ్చి ముందు గాజు చీలింది. బిల్లు చూశాం: గాజు 31,200, కెమెరా కాలిబ్రేషన్ 7,080. కెమెరా గాజుకే అంటి ఉంటుంది కాబట్టి గాజు మార్చాక దాని చూపు మళ్లీ సరిచెయ్యాలి. బండిని సమతలమైన నేల మీద నిలబెట్టి, టైర్ల గాలి సరిచూసి, కొలిచిన దూరంలో గుర్తుల బోర్డు పెట్టి, కంప్యూటర్‌తో చేసే పని అది. ఆ ఏర్పాటు తమకి విశాఖలోనే ఉందని సర్వీసువాళ్లు అన్నారట, అందుకని బావగారు గాజుకొకసారి, కాలిబ్రేషన్‌కొకసారి వెళ్లివచ్చారు. ఊళ్లో అద్దాల షాపులో చవగ్గా వేయిస్తే గాజు బాగానే ఉంటుంది, కెమెరా మాత్రం ఒక డిగ్రీ తేడా వచ్చినా పక్క లేన్‌ని మన లేన్ అనుకోవచ్చు. బంపర్ సొట్ట తీసి పుట్టీ మందంగా పూసి రంగు వేసినా రాడార్‌కి ఇదే గతి. బుకింగ్ కట్టే ముందు మూడు అడిగి కాగితం మీద రాయించుకోండి: కాలిబ్రేషన్ ఏ ఊళ్లో చేస్తారు, ఎంత తీసుకుంటారు, ఇన్సూరెన్స్‌లో గాజుతో పాటు ఆ ఖర్చు కూడా వస్తుందా.

నెలనెలా భువనేశ్వరమో విశాఖో 16వ నంబరు మీద వెళ్లొచ్చేవాళ్లకి ఆ 1,35,000 గిట్టుబాటు అవుతుంది, క్రూజ్ నిజంగా ఒళ్లు నొప్పులు తగ్గిస్తుంది. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి మధ్య తిరిగేవాళ్లు మధ్య వేరియంట్ తీసుకోండి. అందులో ఆరు ఎయిర్‌బ్యాగ్‌లు, ఈఎస్‌సీ (బండి జారకుండా పట్టేది), టైర్ ప్రెషర్ చూపించేది, 360 కెమెరా ఉన్నాయో లేదో చూడండి. 360 లేకపోతేనే పై వేరియంట్ గురించి ఆలోచించండి. "బయట అడాస్ బిగిస్తాం" అనే షాపుల జోలికి పోవద్దు. ఆ పెట్టె బీప్ అంటుందే తప్ప బ్రేకుకి దానికీ సంబంధం ఉండదు, దానికోసం తీగలు కోశారంటే బండి కంపెనీ ఆ వైరింగ్ మీద వారంటీ ఇవ్వనంటుంది.